డయాలిసిస్ లక్ష్మివారమే, పూజ కూడా లక్ష్మివారమే: కష్టంలో ఉన్నవారు ఎలా ప్రార్థించాలి?

ప్రశ్న — బరంపురం ఆడపడుచు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం. పుట్టింటి వాళ్లం దేవాంగులం, పెద్దల నాడు మగ్గాలతో ఈ ఊరికి వచ్చి స్థిరపడిన కుటుంబం. మావారి సొంత ఊరు సరిహద్దుకు అవతల, ఆంధ్రలోని ఉద్దానంలో, కవిటి దగ్గర. పెళ్లయ్యాక ఆయన ఇక్కడే ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే పనిలో కుదురుకున్నారు. ఉద్దానం పేరు చెప్పగానే ఈ ప్రాంతం వారికి మిగిలిన సంగతి అర్థమయ్యే ఉంటుంది. రెండేళ్ల క్రితం ఆయన మూత్రపిండాలు రెండూ పాడయ్యాయని తేలింది. పోయిన ఉగాది దాటాక డయాలిసిస్ మొదలైంది. సోమవారం ఒకసారి, లక్ష్మివారం (గురువారం) ఒకసారి, నాలుగేసి గంటలు. ఆరు గంటలకు మిషన్ ఎక్కించాలంటే మేము ఐదింటికే ఇల్లు వదలాలి.

మార్గశిర మాసం వచ్చింది. మా అత్తగారింట్లో మార్గశిర లక్ష్మివారాల పూజ తరతరాలుగా తప్పలేదు. పక్కింటి ఒడియా మావుసి (పిన్నిలాంటిది) కూడా అదే రోజు మాణబసా అనే లక్ష్మీపూజ చేసుకుంటుంది. బుధవారం రాత్రి ఆమె వాకిట్లో బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేస్తుంటే నేను నా వాకిట్లో ముగ్గు వేస్తాను. తెల్లవారకముందే కొత్త ధాన్యం కొలతపాత్రలో పోసి, తలస్నానం చేసి, కథ చదువుకుని, ఆ వారం నైవేద్యం వండి పెట్టాలి. మొదటి లక్ష్మివారం నాకు ఇవేవీ కుదరలేదు. దీపం మాత్రం వెలిగించి ఆటో ఎక్కాను. లక్ష్మివారం పూట ఇల్లు వదిలి వెళ్తే అమ్మవారు ఎలా నిలుస్తుందని అత్తయ్య అన్నారు. కొడుకు పరిస్థితి చూసి ఆమె నాకన్నా ఎక్కువ ఏడుస్తున్నారు కాబట్టి ఆ మాటకు నేను బదులు చెప్పలేదు.

అసలు బాధ అది కూడా కాదు. నాకు ప్రార్థన చేయడమే చేతకాకుండా పోయింది. చిన్నప్పటి నుంచి చదువుతున్న సహస్రనామం మధ్యలో కిందటి రిపోర్టులో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె గుర్తుకు వస్తుంది, ఎక్కడిదాకా వచ్చానో తెలియక మళ్లీ మొదటికి వెళ్తాను. ఈ నెల అంకె తగ్గితే అది చేయిస్తాను, ఇది చేయిస్తాను అని బేరం ఆడుతున్నాను. ఆ బేరం నాకే సిగ్గుగా ఉంటోంది. పోయిన శుక్రవారం దీపం పెట్టి, పటం వైపు చూసి, నీకు కళ్లున్నాయా అని అడిగేశాను. అడిగిన తరువాత ఆ రాత్రంతా భయంతో నిద్ర పట్టలేదు.

బంధువుల్లో ఒకరు ఇది పూర్వజన్మ పాపమని, అనుభవించి తీరవలసిందేనని చెప్పారు. మరొకరు ఒక హోమం పేరు చెప్పి ఇరవై ఐదు వేలు సిద్ధం చేసుకోమన్నారు. ఆ డబ్బు మాకు మందులకే సరిపోవడం లేదు.

కష్టంలో దేవుణ్ణి అడగడం తక్కువ రకం భక్తి అవుతుందా? కోపంతో అన్న మాట అపచారమా? మనసు నిలవనప్పుడు పెదవులతో మాత్రమే చదివిన స్తోత్రానికి విలువ ఉంటుందా? పూజ కుదించుకోవచ్చా? అనుభవం ఉన్నవారు, శాస్త్రం తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం — పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, ముందుగా అడగడం గురించి చెప్తాను. భగవద్గీత ఏడవ అధ్యాయం పదహారవ శ్లోకంలో కృష్ణుడు తనను భజించేవారిని నలుగురిగా చెప్పాడు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. ఆ వరుసలో మొదటి పేరు ఆర్తుడిది, అంటే బాధలో పడి పిలిచేవాడిది. ఆ నలుగురినీ కలిపి 'సుకృతినః' అన్నాడు, పుణ్యం చేసుకున్నవారని. జ్ఞాని తనకు మిక్కిలి ఇష్టుడని ఆ తరువాత చెప్పిన మాట నిజమే కాని, పద్ధెనిమిదవ శ్లోకంలో 'ఉదారాః సర్వ ఏవైతే' అని మళ్లీ అందరినీ కలుపుకున్నాడు. మన ప్రవచనకారులు తొందరగా జ్ఞాని దగ్గరికి వెళ్లిపోయి ఆర్తుణ్ణి కింది మెట్టు మీద వదిలేస్తుంటారు. నేనూ ముప్పై ఏళ్లు బళ్లో ఆ శ్లోకం అలాగే చెప్పాను. మా ఇంటావిడ జబ్బు పడి నేను విశాఖపట్నం ఆసుపత్రి వరండాలో రాత్రుళ్లు గడిపినప్పుడు గాని ఆ మొదటి పేరు మీద నా దృష్టి ఆగలేదు.

గజేంద్రుడి కథ మీకు తెలిసిందే. రెండు సంగతులు మాత్రం గుర్తు చేస్తాను. మొసలి పట్టుకోగానే అతడు చేతులు జోడించలేదు. వెయ్యేళ్లు పెనుగులాడి, బలం పూర్తిగా తగ్గిన తరువాత పిలిచాడు. కాబట్టి మీరు తెల్లవారుజామున ఐదింటికి ఆటో ఎక్కడం ప్రార్థనకు అడ్డమని అనుకోకండి, అది ఆ పెనుగులాటలో భాగం. రెండవది, అప్పుడు అతడి నోట వచ్చిన స్తోత్రం అప్పటికప్పుడు కట్టుకున్నది కాదు. పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజుగా ఉండగా నేర్చుకున్న స్తోత్రం ఆ ఆపదలో జ్ఞాపకానికి వచ్చిందని భాగవతం ఎనిమిదవ స్కంధం చెప్తుంది. (పూరీ గుడి కట్టించాడని చెప్పే ఇంద్రద్యుమ్నుడు ఈయన కాదు, ఆయన వేరు. మా ఊళ్లో ఈ ఇద్దరినీ కలిపేసి చెప్పేవాళ్లు ఎక్కువ.) మనసు నిలవని రోజున పెదవులతో చదివిన స్తోత్రానికి విలువ ఉందా అని అడిగారు కదా. మంచి రోజుల్లో వేలసార్లు చదివి నోటికి పట్టించుకున్నది ఇలాంటి రోజుల కోసమే. మధ్యలో అంకె గుర్తుకు వస్తే రానివ్వండి. మొదటికి వెళ్లకండి, ఆగిన చోటు తెలియకపోతే ఏదో ఒక నామం దగ్గర అందుకుని ముందుకు సాగండి. అమ్మవారు లెక్క పుస్తకం పట్టుకుని కూర్చోదు.

కోపం గురించి. గజేంద్రుడి చేత పోతన అనిపించిన 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అన్న మాట మన ఇళ్లలో పిల్లలకు కూడా కంఠస్థం. ఉన్నాడు ఉన్నాడంటారే, ఆయన అసలు ఉన్నాడా లేడా అని ప్రార్థన నడిమధ్యలో వచ్చిన సందేహం అది. దాన్ని తీసేసి ఎవరూ చదవరు. భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పడిన రామదాసు, సీతమ్మకు చేయించిన నగ దగ్గర నుంచి ఒక్కొక్కటీ లెక్క చెప్పి రాముణ్ణి నిలదీశాడు. తరువాత దెబ్బలకు ఓర్వలేక తిట్టానని క్షమాపణ అడిగాడు. మీరు పటం వైపు చూసి అన్న మాట ఆ వరుసలోదే. ఎదుట ఎవరూ లేరనుకున్న మనిషి ఎవరినీ నిలదీయడు.

మా జిల్లాలో మహేంద్రగిరి మీద కుంతి పేరిట ఒక పాత గుడి ఉంది. అక్కడికి వెళ్లి వచ్చినవారు కుంతి ప్రార్థన ఎత్తుకుని, మాకు ఎప్పుడూ ఆపదలే రావాలి, అప్పుడే నీ దర్శనం అవుతుందని కోరుకున్న ఆ తల్లిలా మీరూ ఉండాలని కష్టంలో ఉన్నవారికి చెప్తుంటారు. దయచేసి ఆ మాట మనసుకు ఎక్కించుకోకండి. భాగవతం మొదటి స్కంధంలో కుంతి ఆ కోరిక కోరింది యుద్ధం ముగిసి, ధర్మరాజుకు రాజ్యం వచ్చి, కృష్ణుడు ద్వారకకు బయలుదేరుతున్నప్పుడు. లక్క ఇంట్లో ఉండగా ఆమె ఆ మాట అనలేదు. దాటి వచ్చినవారు వెనక్కి తిరిగి చెప్పుకునే మాటను దాటుతున్నవారి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

పూజ కుదించుకోవడానికి శాస్త్రమే దారి ఇచ్చింది. 'ఆతురే నియమో నాస్తి' అన్నారు పెద్దలు. రోగికీ, రోగి పక్కన నిలబడినవారికీ నియమాల పట్టు సడలుతుంది. పదహారు ఉపచారాలు కుదరకపోతే గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం, ఈ ఐదు చాలు. అవీ కుదరని రోజున మానసిక పూజ ఉంది. మీ పక్కింటి మావుసితో మాత్రం ఈ మాట జాగ్రత్తగా వాడండి. ఒడియాలో మానసిక అంటే మొక్కు. ఏం మొక్కుకున్నావని అడుగుతుంది.

ఇక పూర్వజన్మ పాపం అన్నవారికి ఒక్క ప్రశ్న. ఉద్దానంలో ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా, కొబ్బరితోటల్లోనూ పొలాల్లోనూ పని చేసుకునే వేల కుటుంబాలు ఇదే జబ్బుతో బాధపడుతున్నాయి. ఏళ్ల తరబడి పరిశోధించినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. వైద్యులకే తేలని కారణం మీ బంధువుకు ఎలా తేలిందో తెలియదు. ఊళ్లకు ఊళ్లు కలిసి ఒకే పాపం చేశాయా? కర్మ సిద్ధాంతం ఎవరికి వారు తమ నడవడి దిద్దుకోవడానికి పనికివచ్చే మాట. మంచం మీద ఉన్నవాడి మీద తీర్పు చెప్పడానికి దాన్ని వాడటం నాకు ఎప్పుడూ రుచించలేదు.

సమాధానం — జయపురం ఇంజనీరు

నేను దేవుణ్ణి నమ్మను. అయినా సూటిగా చెప్పడం వల్ల మీకు మేలు జరుగుతుందని రాస్తున్నాను. ప్రార్థన వల్ల క్రియాటినిన్ తగ్గదు, పెరగదు. కాబట్టి ఈ నెల అంకె చూసి మీ భక్తికి మార్కులు వేసుకోవద్దు. ఆ ఇరవై ఐదు వేలు హోమానికి ఇవ్వవద్దు. మూత్రపిండ మార్పిడికి మీవారు తగినవారో కాదో డాక్టరును అడిగి, తగినవారైతే పేరు నమోదు చేయించే పని మొదలుపెట్టండి. దీపం వెలిగించుకోవడం వల్ల మీకు ధైర్యంగా ఉంటే వెలిగించుకోండి, అందులో ఎవరికీ నష్టం లేదు.

సమాధానం — డయాలిసిస్ సిస్టరు, గంజాం

అక్కా, నేను డయాలిసిస్ యూనిట్‌లో నర్సుగా పని చేస్తున్నాను. మాస్టారు గారు చెప్పినంత శాస్త్రం నాకు తెలియదు. ఇంజనీరు గారు అన్న మాటలో అంకె గురించిన భాగంతో నేను ఏకీభవిస్తాను. అంకె ప్రతి డయాలిసిస్ తరువాత దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. అది మిషన్ చేసే పని. దాన్ని అమ్మవారి దయకూ కోపానికీ కొలతగా పెట్టుకుంటే వారానికి రెండుసార్లు మీరు నలిగిపోతారు.

పూజా పునస్కారాల దగ్గర మా రోగులు తెలియక చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. మీకు పనికివస్తాయని రాస్తున్నాను. అన్నిటికన్నా ముఖ్యం, పూజ కోసమని, ఉపవాసమని, మైల అని డయాలిసిస్ మానకూడదు. ఒక్క పూట మానినా ఒంట్లో నీరు, పొటాషియం చేరిపోతాయి. పొటాషియం హద్దు దాటితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. కిందటి కార్తీకంలో ఒకాయన సోమవారం ఉపవాసమని రాలేదు. మంగళవారం రాత్రి ఆయాసంతో తెచ్చారు. అదృష్టం బాగుండి బయటపడ్డాడు.

ప్రసాదం సంగతి చాలామందికి తట్టదు. కొబ్బరినీళ్లు, అరటిపండు, ఖర్జూరం, ఇవన్నీ పొటాషియం ఎక్కువ ఉన్నవే. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినవారికి కొబ్బరినీళ్లు వద్దని చెప్పడం నాకే కష్టంగా ఉంటుంది, మీవారికి ఇంకెంత కష్టమో. పంచామృతంలో అరటిపండు కలిపి ఉంటుంది కాబట్టి అది కూడా చేతిలో పోయించుకుని కళ్లకు అద్దుకుంటే చాలు. తీర్థం ఉద్ధరిణెడు తీసుకుంటే తప్పు లేదు గాని, రోజుకు ఎన్ని నీళ్లని డాక్టరు చెప్పారో ఆ లెక్కలో అదీ చేరుతుంది. బీపీ, షుగరు మందులు వాడేవారు ఉపవాసం ఉండాలంటే ముందు డాక్టరును అడగాలి.

మరొకటి, డయాలిసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్ట్యులా ఉన్న చేతికి తోరం గాని, రక్ష గాని, గుళ్లో కట్టే ఎర్రదారం గాని బిగించి కట్టవద్దు. గాజులు, వాచీ కూడా ఆ చేతికి వద్దు, ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు. తోరం రెండో చేతికి కట్టించుకోమనండి, లేదా దేవుడి దగ్గరే ఉంచేయండి. రోజూ పొద్దున్నే ఫిస్ట్యులా మీద వేళ్లు ఆనిస్తే లోపల జుమ్మని కదులుతున్నట్లు తెలియాలి. ఆ కదలిక తెలియకపోతే ఎంత పూజ మధ్యలో ఉన్నా లేచి ఆసుపత్రికి ఫోను చేయాలి.

మా యూనిట్‌లో ఒక ఒడియా తాతగారు ఉన్నారు. రెండు సూదులు గుచ్చేటప్పుడు రెండుసార్లు జగన్నాథా అంటారు, మూడోసారి అనరు. అంతకు మించి ఆయన ప్రార్థన చేయడం నేను చూడలేదు. నాలుగు గంటలూ పడుకుంటారు. మీరు మీవారి మంచం పక్కన కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు, గట్టిగా చదవకపోతే మాకేమీ అభ్యంతరం ఉండదు. రోజు మార్చమని ముందే అడిగితే కొన్నిచోట్ల వీలవుతుంది, అడిగి చూడండి.

సమాధానం — కాశీనగరం రైతు

మాది గజపతి జిల్లా, వంశధార ఒడ్డు. నేను మొక్కుల గురించి మాత్రమే చెప్తాను, ఎందుకంటే ఆ విషయంలో నేను దెబ్బ తిన్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి దసరా నవరాత్రులు మొదలై రెండో రోజు. మా ఇంట్లో తొమ్మిది రోజులూ అఖండదీపం ఉంటుంది. ఆ గాలికి కప్పు రేకులు లేచిపోయాయి, దీపం ఆరిపోయింది, నీళ్లు గుమ్మం దాటాయి. పైరు పోయిన బాధకన్నా దీపం ఆరిందన్న భయమే మా అమ్మను ఎక్కువ పట్టుకుంది. ఆ భయంలో ఆమె ఒక మొక్కు కాదు, ఐదు మొక్కులు మొక్కింది. బరంపురం వైపు తారాతరిణికి ఒకటి, రాయగడ మజ్జిగౌరమ్మకు ఒకటి, తిరుపతికి ఒకటి, ఊళ్లో అమ్మవారికి రెండు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్లలు కట్టి ఐదు ముడుపులు దూలానికి వేలాడదీసింది. పంట లేని ఏడాది అవన్నీ తీర్చాలని నేను వడ్డీకి తెచ్చాను. తుపాను అప్పు కన్నా మొక్కుల అప్పు తీర్చడానికి నాకు ఎక్కువ కాలం పట్టింది.

చివరికి మా ఊరి అర్చకుడు గారే మమ్మల్ని గట్టిగా మందలించారు. గాలి వస్తే దీపం ఆరుతుంది, అగ్గిపుల్లతో మళ్లీ వెలిగించుకోవాలి, అంతే అన్నారు. మిగిలిన రెండు ముడుపులనూ పళ్లెంలో పెట్టించి, కుదిరినప్పుడు వస్తామని అమ్మవారికి చెప్పుకుని, వేలాడదీసిన చోటే ఉంచమన్నారు. ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

అందుచేత, బరంపురం అమ్మా, భయంలో ఉన్నప్పుడు కొత్త మొక్కులు మొక్కకండి. ఇంతకు ముందే మొక్కి ఉంటే తీర్చే గడువు పెట్టుకోకండి. హోమం సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. ఎవరైనా మీ ఇంటి కష్టం విని మొదటి మాటలోనే ధర చెప్పారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీ బరంపురం ఠాకురాణి యాత్రలో జబ్బు నయమైతే పులి వేషం వేస్తానని మొక్కుకున్న పిల్లలూ, వేషగాళ్లూ వీధుల్లో ఎగురుతుంటారు కదా. మొక్కు తీరిన సంతోషం ముఖాన కనిపించేలా ఉండాలి. వడ్డీ కట్టే ముఖంతో తీర్చిన మొక్కు నేను తీర్చాను, నాకు తెలుసు.

ఒక్క విషయంలో మాస్టారు గారితో నాకు పేచీ ఉంది. దేవుణ్ణి తిట్టడం కూడా భక్తేనని పదేపదే చెప్తే, తిట్టలేనివారికి అది మరో కొత్త నియమం అవుతుంది. మా నాన్న ఒక్క మాట కూడా అనలేదు. పడిపోయిన కొబ్బరిచెట్లు నరికి పేర్చుతూ పది రోజులు మౌనంగా ఉన్నాడు. అతని భక్తి అలాంటిది.

సమాధానం — పర్లాకిమిడి మాస్టారు

రైతు గారి అభ్యంతరం సరైనదే. నేను ఒప్పుకుంటున్నాను.

సమాధానం — ఛత్రపురం కోడలు

నేను తెలుగింట పుట్టి ఒడియా ఇంటికి కోడలిగా వచ్చాను. ఇక్కడికి వచ్చాక నేర్చుకున్న రెండు సంగతులు మీ లక్ష్మివారానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

జ్యేష్ఠ పూర్ణిమ నాడు పూరీలో జగన్నాథుడికి నూట ఎనిమిది కుండల నీళ్లతో స్నానం చేయిస్తారు. ఆ స్నానంతో స్వామికి జ్వరం వస్తుందని నమ్మకం. తరువాత పదిహేను రోజులు అనసర. దర్శనం ఉండదు. దైతాపతులనే సేవకులు లోపల ఉండి సేవ చేస్తారు, మూలికల మందులు, పండ్లు పెడతారు. స్వామిని చూడకుండా ఉండలేనివారు బ్రహ్మగిరిలో అలారనాథుడి దగ్గరికి వెళ్తారు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, దేవుడికి జ్వరమేమిటని నేను నవ్వాను. తరువాత మా మామగారు పక్షవాతంతో రెండేళ్లు మంచాన పడ్డారు. ఆ ఏడాది అనసర సమయంలో మా అత్తగారు ఆయనకు మందు తాగిస్తూ, అక్కడ ఆయనా తాగుతున్నాడు, నువ్వూ తాగు అన్నారు. మామగారు అప్పటిదాకా మూసుకున్న నోరు తెరిచారు. జబ్బు పడినవాడు దేవుడికి దూరమైనవాడని ఈ ఇంట్లో ఎవరూ అనుకోరు. సేవ చేసేవారు ఆ పదిహేను రోజులూ మందులు నూరుతూ, పక్కన కనిపెట్టుకుని ఉండటమే పూజగా చేస్తారు. మీరు సోమవారం, లక్ష్మివారం చేస్తున్నది అటువంటి పనే అని నాకు అనిపిస్తుంది.

రెండవది, మీ మావుసి మాణబసా నాడు చదివే లక్ష్మీ పురాణం. బలరామదాసు ఒడియాలో రాసినది. మార్గశిర లక్ష్మివారం నాడు లక్ష్మీదేవి ఊరు చూడటానికి బయలుదేరి, ఊరి చివర శ్రియా అనే చండాల స్త్రీ శుభ్రంగా అలికి ముగ్గు పెట్టుకున్న గుడిసెలోకి వెళ్తుంది. దానికి బలభద్రుడు కోపించి, తమ్ముడు జగన్నాథుడి చేత లక్ష్మిని గుడి నుంచి వెళ్లగొట్టిస్తాడు. తరువాత అన్నదమ్ములిద్దరూ పన్నెండేళ్లు తిండికి మొహం వాచి ముష్టి ఎత్తుకుంటూ తిరుగుతారు. ఇందులో మీ అత్తయ్యగారికి చెప్పదగిన మాట ఒకటి ఉంది. ఆ కథలో లక్ష్మివారం నాడు ఇల్లు వదిలి బయటికి వెళ్లింది లక్ష్మీదేవే. ఆమె ఎవరింట్లో ఎన్ని పిండివంటలు వండారని చూడలేదు. ఆసుపత్రికి వెళ్లిన కోడలిని తప్పు పట్టే అమ్మవారు ఆ కథలో నాకు కనబడలేదు. మీ అత్తయ్యగారికి ఒడియా వస్తే మావుసి చేతే చదివించండి. కోడలు చెప్తే వాదన అవుతుంది, మావుసి చదివితే పురాణం అవుతుంది.

ప్రశ్న వేసినవారి జవాబు — బరంపురం ఆడపడుచు

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. రెండో లక్ష్మివారం నిన్న గడిచింది కాబట్టి ఏం జరిగిందో రాస్తున్నాను.

ఛత్రపురం వదినగారు చెప్పినట్లు బుధవారం సాయంత్రం మావుసిని ఇంటికి పిలిచాను. ఆమె పురాణం చదువుతుంటే అత్తయ్య గోడకు చేరబడి విన్నారు. అన్నదమ్ములు ఆకలితో తిరిగే చోటికి వచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాతో ఏమీ అనలేదు. రాత్రి తొమ్మిదింటికి నేను అట్ల పిండి రుబ్బుకుంటుంటే మాత్రం వచ్చి, పొద్దున్న అట్లూ తిమ్మనమూ నేను చూసుకుంటాను, నువ్వు దీపం పెట్టి వెళ్లు అన్నారు. ముగ్గు రాత్రే వేసేశాను. నాలుగున్నరకు గంధం, పువ్వు, ధూపం, దీపం, చిన్న బెల్లంముక్క, అంతే చేశాను. తరువాత నైవేద్యం అత్తయ్య పెట్టారు. కథ ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని సన్నగా చదివాను. సగంలో ఆయన నిద్రపోయారు. నేనూ ఒక చోట తప్పాను, మాస్టారు గారు చెప్పినట్లు ముందుకే వెళ్లాను.

సిస్టరు గారూ, ఆయన ఎడమ చేతి ఫిస్ట్యులా మీద కిందటి నెల గుళ్లో కట్టించిన ఎర్రదారం అలాగే ఉంది. మీ జవాబు చదివిన రాత్రే కత్తిరించి తులసికోటలో వేశాను. దారం కింద చర్మం మీద గీత పడి ఉంది. రోజు మార్పు గురించి ఇన్‌ఛార్జిని అడిగాను, పుష్యం వచ్చాక చూద్దామన్నారు. మార్పిడి గురించి వచ్చే నెల డాక్టరు గారిని కలుస్తున్నాం. ఇంజనీరు గారికి కృతజ్ఞతలు. హోమం చెప్పినవారికి డబ్బు లేదని చెప్పాను, మళ్లీ ఫోను రాలేదు.

కోపం పూర్తిగా పోలేదు. ఇప్పుడు పటం వైపు చూసినప్పుడు తల దించుకోవడం లేదు, అంతవరకు చెప్పగలను. పొద్దున్న లేవగానే ముందు ఆయన చేతి మీద నా వేళ్లు ఆనించి ఆ జుమ్మనే కదలిక ఉందో లేదో చూస్తున్నాను. అది తెలిసిన తరువాతే దీపం దగ్గరికి వెళ్తున్నాను. నిన్న అత్తయ్య కూడా వచ్చి, ఏదీ నన్నూ చూడనివ్వు అని చెయ్యి పెట్టి చూశారు.